వీడియో పోకర్‌లో లాభనష్టాలు: చిట్టా రాసే తీరు, ఆవర్జా చదివే తీరు

గుంటూరులోనైనా బెజవాడలోనైనా అమెరికాలో పిల్లలు లేని వీధి దొరకడం కష్టం. వాళ్ళ దగ్గరికి ఆర్నెల్లకని వెళ్ళిన పెద్దవాళ్ళ తిరుగుళ్ళలో గ్రాండ్ కాన్యన్ పక్కనే లాస్ వేగస్ కూడా ఉంటుంది. ఏళ్ళ తరబడి రమ్మీ ఆడిన మనిషి అక్కడ రంగురంగుల స్లాట్ మెషీన్లన్నీ దాటుకుంటూ వెళ్ళి, పేకముక్కలు కనబడ్డ మెషీన్ ముందు ఆగిపోతాడు. అదే వీడియో పోకర్. ఐదు ముక్కలు పడతాయి, కావలసినవి ఉంచుకుని మిగతావి ఒక్కసారి మార్చుకుంటాం, చివరికి చేతిలో ఏముందో దాన్నిబట్టి చెల్లింపు. ఎదురుగా ఇంకో ఆటగాడు ఉండడు. ఏది ఉంచాలి, ఏది వదలాలి అన్న నిర్ణయం మాత్రం పూర్తిగా మనది. దీన్ని స్లాట్ మెషీన్ నుంచి వేరు చేసేది అదొక్కటే.

ఆ నిర్ణయాలు తీసుకోవడం కొంత వచ్చినవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అలాంటివాళ్ళు అడిగేవి రెండు ప్రశ్నలు. బాగానే ఆడుతున్నా డబ్బు ఎందుకు పోతోంది? పోయినసారి గెలిచాను కదా, ఆట పట్టుబడినట్టేనా? పట్నంబజారులో షాపుల లెక్కలు రాసే వృత్తి నాది కాబట్టి నాకు తోచిన జవాబు కూడా లెక్కల జవాబే. ఈ ఆటలో ఏళ్ళ తరబడి వచ్చే ఫలితాన్ని ఊపేది ఒకే ఒక్క చెయ్యి, రాయల్ ఫ్లష్, అంటే ఒకే జాతిలో ఆసు, రాజు, రాణి, జాకీ, పది. దాన్ని ఖాతాలో వేరే పద్దుగా తీసి పక్కన పెట్టనంత కాలం మిగతా లెక్క ఏమీ చెప్పదు. తీసి పెట్టాక కూడా అది మెషీన్ గురించి చెబుతుంది, సంచి గురించి, అంటే ఆటకని విడిగా పెట్టుకున్న డబ్బు గురించి చెబుతుంది, మీ నైపుణ్యం గురించి మాత్రం చెప్పదు. నైపుణ్యాన్ని కొలవాల్సింది ఇంకోచోట.

ముందు చట్టం సంగతి. ఆంధ్రప్రదేశ్‌లో 1974 గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలన్నీ నిషేధించారు, నైపుణ్యం ఉన్న ఆటలకు అంతకుముందున్న మినహాయింపు తీసేశారు. 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా అదే పని చేసింది. కాబట్టి బెంజ్ సర్కిల్‌లో కూర్చుని ఫోన్‌లో డాలర్ల వీడియో పోకర్ ఆడిస్తామని ఎవరైనా లింకు పంపితే దాన్ని తెరవకండి. ఇక్కడ ఉన్నంతకాలం మనకు మిగిలేది డబ్బు లేని సాధన. దానికి మాత్రం ఇదే మంచి చోటు.

మొదటి అడుగు: చెల్లింపుల పట్టిక చదవడం

మీ లాభనష్టాల్లో పెద్ద భాగం కుర్చీలో కూర్చోకముందే తేలిపోతుంది. జాక్స్ ఆర్ బెటర్ అనే ఆటనే తీసుకుందాం, అన్నిటికీ అదే పునాది. జాకీల జత నుంచి చెల్లింపు మొదలవుతుంది. మెషీన్ తెర మీదే పట్టిక ఉంటుంది. అందులో ఫుల్ హౌస్‌కి (ఒకే అంకెవి మూడు, ఇంకో అంకెవి రెండు) 9, ఫ్లష్‌కి (ఐదూ ఒకే జాతి) 6 ఉంటే దాన్ని తొమ్మిది-ఆరు అంటారు. తప్పు లేకుండా ఆడితే పెట్టిన పందేల్లో సగటున 99.54 శాతం తిరిగొస్తుంది. పక్కనే అచ్చం అలాగే కనిపించే మెషీన్‌లో ఆ రెండు అంకెలు 8, 5 ఉండొచ్చు. అప్పుడు తిరిగొచ్చేది 97.30. ఏడు-ఐదు అయితే 96.15, ఆరు-ఐదు అయితే 95. రంగు, చప్పుడు, కుర్చీ అన్నీ ఒకటే. తేడా ఆ రెండు గడుల్లోనే.

ఇంత కచ్చితంగా ఎలా చెప్పగలం అంటే, నెవాడా రాష్ట్ర నిబంధనల ప్రకారం పేకముక్కలు చూపించే మెషీన్‌లో ప్రతి ముక్కా నిజం పేకలో పడేంత అవకాశంతోనే పడాలి. 52 ముక్కల లెక్క ఎవరు వేసినా ఒకటే వస్తుంది.

ఇంకో నియమం కూడా ఇక్కడే. ఎప్పుడూ ఐదు నాణేల పూర్తి పందెం వెయ్యండి. రాయల్ ఫ్లష్‌కి ఒకటి నుంచి నాలుగు నాణేల దాకా నాణేనికి 250 ఇస్తారు, ఐదోది వేస్తే మొత్తం 4,000, అంటే నాణేనికి 800. నాణేలు తగ్గించి పొదుపు చేశామనుకునేవాళ్ళు ఒక శాతం పైగా వదులుకుంటున్నారు. పూర్తి పందెం బరువనిపిస్తే ఇంకా చిన్న విలువ మెషీన్ చూసుకోవాలి.

రెండ్లన్నీ జోకర్లుగా పనిచేసే డ్యూసెస్ వైల్డ్ అనే ఆట పూర్తి చెల్లింపు పట్టికతో దొరికితే 100.76 శాతం, అంటే పొల్లుపోకుండా ఆడేవాడికి కాస్త లాభమే. అలాంటివి లాస్ వేగస్‌లోనే వెతుక్కోవాలి, దొరికినా చిన్న విలువలోనే. డబుల్ డబుల్ బోనస్ అనేది అందరినీ లాగుతుంది, ఎందుకంటే నాలుగు ఆసులకు భారీగా ఇస్తుంది. కానీ దాని తొమ్మిది-ఆరు పట్టిక కూడా 98.98 దగ్గరే ఆగుతుంది, ఎగుడుదిగుడులు జాక్స్ ఆర్ బెటర్ కన్నా చాలా ఎక్కువ. లెక్క నేర్చుకునేటప్పుడు దాని జోలికి పోవద్దు.

గోవా సంగతి కూడా అడుగుతారు. గుంటూరు మీదుగా వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది కాబట్టి మనకది దగ్గరే. అక్కడ నేల మీద ఐదు నక్షత్రాల హోటళ్ళలో ఎలక్ట్రానిక్ మెషీన్లకే అనుమతి, టేబుల్ ఆటలు మాండవి నది మీది ఓడల్లో. ఎక్కడైనా సూత్రం ఒకటే. పట్టిక చూడండి, నచ్చకపోతే ఆడకుండా బయటికి రండి.

రెండో అడుగు: నైపుణ్యాన్ని ఇంటి దగ్గరే తూచుకోవడం

డబ్బు లేని సాధన ప్రోగ్రాములు కంప్యూటర్లో, ఫోన్‌లో దొరుకుతాయి. మీరు తప్పు ముక్క ఉంచుకోగానే అక్కడే పట్టుకుని, ఆ తప్పు సగటున ఎంత ఖరీదో చూపించేది ఎంచుకోండి. ఆ ఖరీదు చూపించనిది కాలక్షేపానికి తప్ప ఎందుకూ పనికిరాదు.

రమ్మీ అలవాటు ఉన్నవాళ్ళకు కొన్ని తప్పులు చేతివేళ్ళలోనే ఉంటాయి. జాకీల జత వచ్చింది, పక్కన ఆసు ఉంది. ఆసు కూడా ఉంచుకోబుద్ధవుతుంది. వద్దు. జత ఒక్కటే ఉంచి మూడు ముక్కలు మార్చాలి. పెద్ద జత సగటున పందేనికి 1.54 రెట్లు తెస్తుంది. ఒకే జాతి ముక్కలు నాలుగు ఉన్నా, చేతిలో పెద్ద జత కూడా ఉంటే జతకే ఓటు, ఎందుకంటే ఫ్లష్ కోసం ఎదురుచూపు 1.2 దగ్గరే ఉంటుంది. పదులో, ఐదులో లాంటి చిన్న జత అయితే తిరగబడుతుంది. చిన్న జత విలువ 0.82 మాత్రమే, అప్పుడు నాలుగు ఒకే జాతి ముక్కలే మేలు.

అన్నిటికన్నా గుండె ఒప్పనిది ఇది. ఆఠీను ఆసు, రాజు, రాణి, జాకీ, వాటితో పాటు ఆఠీను ఐదు పడ్డాయి. ఫ్లష్ సిద్ధంగా ఉంది, 6 రెట్లు ఖాయం. అయినా ఐదుని వదిలెయ్యాలి. మిగిలిన 47 ముక్కల్లో ఒకటి ఆఠీను పది, దానికి 800 రెట్లు. మళ్ళీ ఫ్లష్ చేసే ముక్కలు ఏడు, స్ట్రెయిట్ (జాతితో పని లేకుండా వరసగా ఐదు ముక్కలు) చేసే పదులు మూడు, జత కట్టేవి పన్నెండు. అన్నిటి చెల్లింపులూ కలిపి 47తో భాగిస్తే 18.4 రెట్లు వస్తుంది. పదిలో ఐదుసార్ల దాకా ఏమీ రాక ఖాళీగా పోతుంది, కడుపు రగులుతుంది. రమ్మీలో పడిన సీక్వెన్స్‌ని విడగొట్టే మూర్ఖుడు ఎవడూ ఉండడు కదా, అందుకే ఇది మనవాళ్ళకు ఇంకా కష్టం.

మీ తప్పుల ఖరీదు మొత్తం పందేల్లో 0.1 శాతం లోపలికి వచ్చేదాకా డబ్బు పెట్టొద్దని నా సలహా. 0.5 శాతం తప్పులతో ఆడితే కేసినో మీ దగ్గర తీసుకునేది రెట్టింపు దాటుతుంది. మామూలుగా తీసుకునేదే 0.46 కదా.

మూడో అడుగు: రాయల్‌తో ఒక లెక్క, రాయల్ లేకుండా ఇంకో లెక్క

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మిగతాదంతా దీని మీదే నిలబడింది.

పావు డాలరు మెషీన్, ఐదు నాణేలు, అంటే డీల్‌కి (ఒకసారి ముక్కలు పడి తేలే ఆటకి) 1.25 డాలర్లు. తడబడకుండా ఆడేవాడికి గంటకు 500 డీల్స్ సులువే. గంటలో తిరిగే పందెం 625 డాలర్లు. అందులో 0.46 శాతం అంటే గంటకు 2.85 డాలర్ల నష్టం. ఇది చాలామందికి తెలిసిన లెక్క. మూడు డాలర్లకు గంట కాలక్షేపం, మధ్యలో కాఫీ ఉచితం, ఇంకేం కావాలి అనుకుంటారు.

కానీ ఆ 99.54లో దాదాపు 2 శాతం ఒక్క రాయల్ ఫ్లష్ నుంచే వస్తోంది. అది సగటున 40,391 డీల్స్‌కి ఒకసారి పడుతుంది. పడని గంటలన్నిటిలో మీరు ఆడుతున్నది 97.56 శాతం ఆట. ఆ గంటకు నష్టం 2.85 కాదు, 15 డాలర్ల పైమాటే. 40,000 డీల్స్ దారిలో సుమారు 1,220 డాలర్లు కొంచెం కొంచెంగా కారిపోతాయి, ఒక క్షణంలో 1,000 డాలర్లు తిరిగొస్తాయి. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు పెట్టినవాడు నెలనెలా అద్దె కడుతూ ధర ఎగిరే సీజను కోసం చూస్తాడే, అలాంటిదే. అద్దె కట్టిన నెలని నష్టం నెల అని ఏ వ్యాపారీ గుండెలు బాదుకోడు, ధర ఎగిరిన వారాన్ని చూసి రోజూ ఇంతే అనీ అనుకోడు.

ఎగుడుదిగుడుల సంగతి ఇంకా వింత. గణితంలో వేరియన్స్ అనే కొలత ఉంది. ఈ ఆటకి అది 19.5. అందులో 15.85 రాయల్ ఒక్కదానిదే. రాయల్ తీసేస్తే మిగిలేది 3.7 దాకా. అంటే రాయల్ లేని ఆట నిజానికి చాలా సాధువైన ఆట, నెమ్మదిగా, దాదాపు ఊహించగలిగేలా దిగుతూ పోతుంది. ఆ దిగుడునే అంచనాకి ఆధారం చేసుకోవాలి.

నాలుగు గంటలు, 2,000 డీల్స్ కూర్చున్నారనుకోండి. రాయల్ పడకపోతే సగటు నష్టం 61 డాలర్లు. అటూ ఇటూ మామూలు తేడా 108 డాలర్లు. అంటే 170 పోవడమూ, 50 మిగలడమూ రెండూ మామూలే. రాయల్ లేకుండా లాభంతో లేచే అవకాశం పదిలో మూడుసార్లకి కొంచెం తక్కువ. అదే 10,000 డీల్స్‌కి, అంటే ఒక ట్రిప్పులో 20 గంటల ఆటకి, సగటు నష్టం 305, తేడా 240. లాభంతో తిరిగొచ్చే అవకాశం పదింట ఒకటే. ఎంత ఎక్కువ ఆడితే రాయల్ లేని ఖాతా అంత నికరంగా నష్టంలోకి పోతుంది. ఇది మీ తప్పు కాదు, ఆట కట్టడమే అంత.

ఇప్పుడు రాయల్ ఎన్నాళ్ళకి వస్తుందో చూద్దాం. 10,000 డీల్స్ ట్రిప్పులో కనీసం ఒకటి పడే అవకాశం 22 శాతం. ఏడాదికి ఒక ట్రిప్పు వేసే మనిషికి నాలుగేళ్ళు గడిచినా పడకపోవడానికి 37 శాతం అవకాశం ఉంది. ఎనిమిదేళ్ళు పడకపోవడానికి దాదాపు 14 శాతం, అంటే ఏడుగురిలో ఒకరు. ఆ ఒక్కరూ బాగా ఆడేవాళ్ళు అయ్యుండొచ్చు. మొదటి ట్రిప్పులో మొదటి గంటలోనే కొట్టినవాడు ఏమీ తెలియనివాడూ అయ్యుండొచ్చు. ఊరికొచ్చి కథ చెప్పేది మాత్రం రెండోవాడే.

చిన్న చిన్న ముచ్చట్లు కూడా ముందే తెలిసుంటే కంగారుండదు. వంద డీల్స్‌లో 54 పైన ఏమీ రాకుండా పోతాయి, ఇంకో 21 పెట్టిన పందెం పెట్టినట్టే తిరిగిస్తాయి. వరుసగా పది డీల్స్ ఖాళీగా పోవడం సుమారు 945 డీల్స్‌కి ఒకసారి జరుగుతుంది, అంటే రెండు గంటలకోసారి. మెషీన్ పగబట్టిందని లేచిపోవాల్సిన పని లేదు.

పాపం అల్లుళ్ళు కూడా ఊరుకోరు. “మావయ్యగారూ, మెషీన్ మాంచి వేడి మీదుంది, ఇప్పుడు లేవకండి!” అంటారు వెనక నిలబడి. “మెషీన్‌కి జ్వరాలు రావు అల్లుడుగారూ, మీరెళ్ళి భోంచేసి రండి” అనాలి. ప్రతి డీల్‌కీ పేక కొత్తది. ఇందాక పడ్డది దానికి గుర్తుండదు.

నాలుగో అడుగు: సంచి కట్టడం

ట్రిప్పు డబ్బు ఇంటి ఖర్చు నుంచి, పిల్లలకు తెచ్చిన కానుకల డబ్బు నుంచి విడిగా ఉండాలి. ఎంత అన్నది పైన చెప్పిన రాయల్ లేని లెక్కతో తేల్చాలి. సగటు నష్టానికి తేడాని రెండింతలు చేసి కలపండి. నాలుగు గంటలకి 61 కూడిక 216, అంటే 280 దాటదు కాబట్టి 300 డాలర్లు చాలు. 10,000 డీల్స్ ట్రిప్పుకి 305 కూడిక 480, అంటే 800. అంత డబ్బు మొత్తం పోయినా నిద్ర పడుతుందా? పట్టదంటే గంటలు తగ్గించండి, లేదా నెమ్మదిగా ఆడండి. గంటకు 300 డీల్స్ ఆడితే గంట ఖరీదు కూడా ఆ నిష్పత్తిలోనే తగ్గుతుంది. వేగం మీద ఎవరూ బహుమతి ఇవ్వరు.

800ని ఒకేసారి జేబులో పెట్టుకోవద్దు. రోజుకింత అని కవర్లలో పెట్టి, కవరు మీద తేదీ వేసి, ఆ రోజు కవరు ఒక్కటే కిందికి తీసుకెళ్ళండి. పాత పద్ధతే. ఏటీఎం కార్డు గదిలో ఉండాలి. కేసినోల్లోని ఏటీఎంల రుసుము చూస్తే ఎందుకో తెలుస్తుంది.

ఐదో అడుగు: చిట్టా

లేచిన ప్రతిసారీ, గదికి వెళ్ళకముందే, ఫోన్‌లోనో జేబు పుస్తకంలోనో రాయాలి. మర్నాడు రాస్తే అంకెలు మెత్తబడతాయి, ముఖ్యంగా పోయిన అంకెలు. రాయాల్సింది కొంచెమే. తేదీ, చోటు. ఆట పేరు, పట్టిక. నాణెం విలువ. తిరిగిన మొత్తం పందెం. వెంట తీసుకెళ్ళింది, తిరిగి తెచ్చింది. నాలుగు ఒకేరకం ముక్కలు, అంటే ఫోర్ ఆఫ్ ఎ కైండ్, ఎన్నిసార్లు పడ్డాయి. స్ట్రెయిట్ ఫ్లష్ ఉంటే అది. రాయల్ ఉంటే అది వేరే గడిలో.

తిరిగిన పందెం ఎలా తెలుస్తుందంటే, కేసినో ఉచితంగా ఇచ్చే సభ్యత్వ కార్డు మెషీన్‌లో పెట్టి ఆడితే పాయింట్లు పడతాయి. పాయింట్ల నుంచి పందెం, పందేన్ని 1.25తో భాగిస్తే డీల్స్ వస్తాయి. కార్డు లేకుండా ఆడితే చిట్టాకి ఆధారమే ఉండదు, పైగా ఆ పాయింట్ల మీద వచ్చే చిన్న రాయితీ కూడా పోతుంది. ఉదాహరణకి పావు శాతం తిరిగిచ్చే చోట 2,500 డాలర్ల పందేనికి 6.25 వస్తుంది. తొమ్మిది-ఆరు మెషీన్ మీద అది మీ అసలు నష్టంలో సగం పైనే. ఆ వచ్చినదాన్ని ఆటలో గెలిచినట్టు రాయకూడదు, దానికి ఒక పద్దు. వెయిట్రెస్‌కి ఇచ్చిన టిప్పులకు ఇంకో పద్దు.

ఒక నమూనా: తొమ్మిది-ఆరు, పావు డాలరు, పందెం 2,500, తెచ్చింది 300, మిగిలింది 130, ఫోర్ ఆఫ్ ఎ కైండ్ 2, రాయల్ లేదు. నష్టం 170.

ఆరో అడుగు: ఆ 170కి జమాఖర్చు

ఇప్పుడు దీన్ని విప్పి చూద్దాం. 2,000 డీల్స్‌కి రాయల్ లేకుండా 61 పోవాలి, 170 పోయింది. తేడా 109. ఎక్కడికి పోయింది? ఫోర్ ఆఫ్ ఎ కైండ్ 423 డీల్స్‌కి ఒకటి చొప్పున 2,000లో సగటున 4.7 పడాలి, రెండే పడ్డాయి. ఒక్కోటి 31.25 డాలర్లు. తగ్గిన 2.7కి 84 డాలర్లు. మిగిలిన 25 ఫుల్ హౌసుల్లో, ఫ్లష్‌లలో అటూఇటూ అయ్యుంటుంది, దాని గురించి ఆలోచన అనవసరం. ఖాతా కుదిరింది. రెండు వేల డీల్స్‌లో ఒక్కటీ లేదా సున్నా పడే రోజు కూడా ఇరవైకి ఒకటి వస్తుంది, ఆ రోజు నష్టం ఇంకా ఎక్కువే ఉంటుంది.

ఈ ఒక్క పని అలవాటైతే ఓడిన సాయంత్రం మీద కోపం చాలావరకు పోతుంది. పోయిన డబ్బుకి పేరు దొరికితే మనిషి దాని వెంట పరుగెత్తడు.

ఏడో అడుగు: ఆవర్జా

చిట్టాలోని అంకెలు ఒక్కో ఆటకి, ఒక్కో పట్టికకి విడివిడి ఖాతాల్లోకి ఎక్కించండి. తొమ్మిది-ఆరుది ఒక పేజీ, డ్యూసెస్ వైల్డ్‌ది వేరే పేజీ. పావు డాలరుదీ డాలరుదీ ఒకే పేజీలో కలిపితే ఆ పేజీ దేనికీ పనికిరాదు. ప్రతి పేజీలోనూ మూడు వరసలు: రాయల్ కాకుండా వచ్చిన నికర ఫలితం, ఆ డీల్స్‌కి ఉండాల్సిన సగటు, రాయల్‌లు. మొదటి రెండూ పక్కపక్కనే పెరుగుతూ పోవాలి, రెండూ నష్టం వైపే.

40,000 డీల్స్ పోగయ్యాక చూడండి. ఉండాల్సిన సగటు నష్టం 1,220, మామూలు తేడా 480. మీ ఖాతాలో 1,500 ఉన్నా, 900 ఉన్నా ఒకటే, వింతేమీ లేదు. 2,300 దాటిందంటే మాత్రం అనుమానించాలి. మొదటి అనుమానం పట్టిక మీద. ఎనిమిది-ఐదు మెషీన్ మీద తెలియకుండా కూర్చుంటే అదే 50,000 డాలర్ల పందెం మీద 1,120 అదనంగా పోతుంది, కాబట్టి ఆవర్జా దాన్ని పట్టిస్తుంది.

మీ ఆటలో 0.5 శాతం తప్పులు ఉంటే పోయేది 250 డాలర్లే. 480 తేడాలో 250 మునిగిపోతుంది, కనబడదు. నాలుగేళ్ళ ఖాతా కూడా మీరు బాగా ఆడుతున్నారో లేదో చెప్పలేదు! అందుకే నైపుణ్యానికి తూనిక సాధన ప్రోగ్రామే అన్నాను. ప్రతి ట్రిప్పుకి నెల ముందు మళ్ళీ కూర్చుని, తప్పుల ఖరీదు 0.1 లోపల ఉందో లేదో చూసుకుని ఆ అంకె కూడా ఆవర్జా పేజీ పైన రాసి పెట్టండి. ఆరు నెలలు ఆడకపోతే చెయ్యి మొద్దుబారడం సహజం, దాన్ని డబ్బుతో పదును పెట్టుకోనక్కర్లేదు.

ఎనిమిదో అడుగు: గెలిచిన రోజు

రాయల్ పడింది. పావు డాలరు మీద సరిగ్గా 1,000 డాలర్లు. పద్దు రాయల్ గడిలోకి వెళుతుంది. తర్వాతి కవర్లలో డబ్బు పెరగదు, నాణెం విలువ మారదు. రాయల్ కొట్టినవాళ్ళు చేసే మొదటి పని డాలరు మెషీన్‌కి మారడం. మనబోటివాళ్ళకి అది రెండు విధాల నష్టం.

ఒకటి, ఎగుడుదిగుడు నాలుగింతలు అవుతుంది. రెండోది పన్ను. డాలరు మెషీన్ మీద రాయల్ 4,000. అమెరికాలో ఒక పరిమితి దాటిన స్లాట్, వీడియో పోకర్ గెలుపు వస్తే మెషీన్ ఆగిపోతుంది, మనిషి వచ్చి కాగితాలు నింపి డబ్బు చేతికిస్తాడు. ఆ పరిమితి చాలాకాలం 1,200 డాలర్లు ఉండేది, 2026 నుంచి 2,000 అయింది. అక్కడి నివాసి కాని విదేశీయుడికి ఆ గెలుపులో 30 శాతం అక్కడే కోస్తారు. బ్లాక్‌జాక్, రౌలెట్ లాంటి కొన్నిటికి మినహాయింపు ఉంది, వీడియో పోకర్‌కి లేదు. పోయిన డబ్బుని చూపించి తగ్గించుకునే వీలూ మనకి లేదు. 4,000లో 1,200 పోయి 2,800 మిగులుతుంది. అంటే మీకు రాయల్ 800 రెట్లు కాదు, 560 రెట్లు. 99.54 శాతం ఆట 98.95 శాతం ఆటగా మారింది. గంటకు 26 డాలర్ల నష్టం. పావు డాలరు రాయల్ 1,000 దగ్గరే ఆగుతుంది కాబట్టి మెషీన్ ఆగదు. అర డాలరు మీద సరిగ్గా 2,000 వచ్చి పరిమితిని తాకుతుంది. వీసా మీద వెళ్ళిన తల్లిదండ్రులకి పావు డాలరు మెషీనే అసలైన మెషీన్ అని నేననేది ఇందుకే.

తొమ్మిదో అడుగు: ఓడిన రోజు

కవరు ఖాళీ అయితే లేవాలి. ఇది సంభావ్యతను మార్చదు, ఆ మాట నిజమే. 300 పోగానే లేచినా, లేవకపోయినా తర్వాతి డీల్ విలువ ఒక్కటే. లేవమనేది సంచి కోసం, కళ్ళ కోసం. అలసినవాడు ఆఠీను ఐదుని ఉంచుకుంటాడు. నాలుగు గంటల తర్వాత ఎవరి తప్పులైనా పెరుగుతాయి.

రేపటి కవరు ఈరోజు తెరవడం, నష్టాన్ని ఇంట్లో తగ్గించి చెప్పడం, చిట్టా రాయడం మానెయ్యడం. ఈ మూడింటిలో ఏది మొదలైనా ఆట ఆపెయ్యాలి. ఆపలేకపోతే సిగ్గుపడే విషయం కాదు. మన దేశంలో టెలి మానస్ 14416కి ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడొచ్చు.

పదో అడుగు: ఖాతా ముయ్యడం

రెండు తేదీలు గుర్తుంచుకోవాలి. అమెరికా పన్ను ఏడాది డిసెంబరు 31తో, మనది మార్చి 31తో ముగుస్తుంది. కాబట్టి చిట్టాలో తేదీలు లేకపోతే ఆడిటర్ తల పట్టుకుంటాడు. జనవరిలో కేసినో నుంచి గత ఏడాది గెలుపోటముల నివేదిక అడగండి, కార్డు ఉన్నవాళ్ళకి ఇస్తారు. మీ ఆవర్జాతో పోల్చి చూడండి. 30 శాతం కోసినప్పుడు ఇచ్చిన కాగితం పారెయ్యకండి.

భారతదేశంలో నివాసిగా పన్ను కట్టేవాళ్ళకి విదేశంలో గెలిచిందీ ఆదాయమే. 1961 చట్టంలో 115బిబి సెక్షన్ కింద ఇలాంటి గెలుపు మీద 30 శాతం, దాని మీద సెస్సు ఉండేవి. పోయిన డబ్బు అందులోంచి తగ్గించుకోవడానికి లేదు. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ నుంచి అమల్లోకి రావడంతో సెక్షన్ల అంకెలు మారాయి, కాబట్టి రిటర్ను వేసేముందు ఆడిటర్‌ని కలవండి. అమెరికాలో కోసిన పన్నుకి ఇక్కడ జమ అడగడానికీ ఆ కాగితమే ఆధారం.

అక్కడే పన్ను నివాసులైన పిల్లలకి లెక్క వేరు. వాళ్ళు నష్టాల్ని గెలుపుల మేరకు తగ్గించుకోవచ్చు గానీ, 2026 నుంచి నష్టంలో 90 శాతమే లెక్కలోకి వస్తుంది. ఏడాదిలో 10,000 గెలిచి 10,000 పోగొట్టుకున్న అబ్బాయి చేతిలో ఒక్క డాలరూ మిగలకపోయినా 1,000 డాలర్ల మీద పన్ను కట్టాలి. మీ చిట్టా పద్ధతి వాడికీ నేర్పండి, తేదీల వారీగా, సిట్టింగుల వారీగా రాసిన పుస్తకాన్నే అక్కడి పన్ను శాఖ కూడా అడుగుతుంది.